ఏడు పొరల బొంత

డిగ్రీ రెండో సంవత్సరం, వానాకాలం. మొదటి క్లాసులో హాజరు పిలుస్తున్నారు. నా నంబరు వచ్చింది. "ప్రెజెంట్ సార్" అనబోయాను. గాలి లోపలికి వెళ్లింది గాని మాటై బయటికి రాలేదు. ఛాతీ చుట్టూ ఎవరో తడిబట్ట చుట్టి బిగించినట్టుంది. సార్ తలెత్తకుండానే ఆబ్సెంటు వేసి తర్వాతి నంబరుకు వెళ్లిపోయారు. నేను మామూలుగానే ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. అందుకే ఆ రోజు మాట్లాడలేకపోయానన్న సంగతి పక్కనున్న వాళ్లకు కూడా తెలియలేదు. సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "ఈ రోజు క్లాసులో ఉండి కూడా లేను."

నిజానికి అంతకు నెల ముందు నుంచే తుమ్ములున్నాయి. పొద్దున లేస్తూనే వరసగా పదిహేను, ఇరవై. కళ్లు దురద, ముక్కు కారడం. పది గంటలు దాటితే అన్నీ సర్దుకునేవి. గోదావరిఖనిలో తుమ్మును, దగ్గును ఎవరూ లెక్కచేయరు. మేమూ చేయలేదు.

మాది కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్. మా నాన్నను నేను బాపు అంటాను. బొగ్గు గనిలో, అండర్‌గ్రౌండ్‌లో ఆయన పని. ఇంట్లో అమ్మ, నేను, బాపమ్మ. బాపమ్మంటే బాపు తల్లి. బొంతలు కుట్టడంలో మా క్వార్టర్ల లైనంతటికీ ఆమెకు పేరు. ఎవరింట్లో చీర పాతబడినా ఆమె దగ్గరికే వచ్చేది. నేను కప్పుకునేది ఏడు పొరల బొంత. వయసులో నాకంటే పెద్దది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. బాపు చదువుకోలేదు. మొదటి షిఫ్టు చేసి వచ్చి, నా మంచం అంచున కూర్చొని "సదువు బిడ్డా" అనేవాడు. నేను పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివేదాన్ని. రోజు మొత్తంలో నా గొంతు గట్టిగా వినిపించేది ఆ గంటే.

క్లాసు సంగతి జరిగిన వారానికి, తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఊపిరి అందలేదు. లేచి కూర్చున్నాను. ఛాతీలో పిల్లిపిల్ల కూసినట్టు చప్పుడు. అమ్మ వీపు రాసింది. బాపమ్మ "సలి పట్టింది పోరికి" అని తన బొంత కూడా తెచ్చి నా భుజాల చుట్టూ కప్పింది. మొదటి షిఫ్టు సైరను మోగే వేళకు బాపు నన్ను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు.

డ్యూటీ డాక్టరు స్టెతస్కోపు పెట్టి, "wheezing బాగా ఉంది. ముందు nebulizer పెట్టండి" అన్నారు. మూతికి మాస్కు పెట్టారు. పొగలాంటి మందు పీలుస్తుంటే పది నిమిషాల్లో బిగింపు వదిలింది. X-ray తీశారు, రక్తం తీసుకున్నారు. "Chest clear. Eosinophils ఎక్కువున్నాయి, అంటే allergy లక్షణం. మూడు రోజులు observation లో ఉంచుదాం" అన్నారు. ఆ మూడు రోజులూ రెగ్జిన్ పరుపు మీద, పల్చటి దుప్పటి కప్పుకొని పడుకున్నాను. ఒక్క తుమ్ము రాలేదు. మందుల మహిమ అనుకున్నాం.

ఇంటికొచ్చిన రెండో పొద్దున మళ్లీ మొదలైంది.

అప్పుడు అందరూ కలిసి ఒక నిర్ణయానికొచ్చారు. పక్క క్వార్టర్ నర్సక్క, పేరే గాని నర్సు కాదు, మా గడపలోనే కూర్చొని తీర్పు చెప్పింది. "ఇంకేముంటదే, బొగ్గు. పోరి ఊపిరితిత్తులల్ల బొగ్గు గూసున్నది. మీ ఆయన బట్టలకెళ్లి రాలే దుమ్మంత యాడికి పోతది?"

మా ఊళ్లో ఏ జబ్బుకైనా మొదట అనుమానించేది బొగ్గునే. మధ్యాహ్నం, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు గలగలమంటాయి, కాసేపటికి మంచాల మీద నల్లటి పొడి. కాబట్టి నర్సక్క తీర్పును ఎవరూ కాదనలేదు, నేనూ కాదనలేదు. అమ్మ నా గది కిటికీలు మూసి, సందుల్లో పాత బట్టలు కుక్కింది. వాన నీళ్లకు ఉబ్బిన గోడ, మూసిన కిటికీ, గదిలో తడి వాసన. దగ్గు తగ్గకపోతే బాపమ్మ ఇంకో బొంత కప్పేది. ఆ నెల డైరీలో ఎన్నో పేజీల చివర ఒకటే వాక్యం: "బాపమ్మ మరో బొంత కప్పింది."

నర్సక్క మాట అందరికంటే ఎక్కువ తగిలింది బాపుకు. ఆయన గని దగ్గర ఒకసారి స్నానం చేసి, ఇంటికొచ్చి పెరట్లో నల్లా కింద మళ్లీ చేసేవాడు. డ్యూటీ బట్టలు ప్రహరీ బయట తీగ మీదే ఆరేసేవాడు. ఇంత చేసినా నా గదిలోకి రావడం మానేశాడు. గడప బయట కుర్చీ వేసుకొని, "నువ్వు ఆడికెల్లే సదువు, ఇనబడ్తది" అనేవాడు. నాకు అంత గట్టిగా చదివే ఊపిరి లేదు. రెండు వాక్యాలకు దగ్గు వచ్చేది. కొన్నాళ్లకు పేపరు తేవడమే మానేశాడు. డైరీలో రాశాను: "బాపు ఈ రోజు కూడా లోపలికి రాలేదు."

దసరా ముందు ఒక ఆదివారం, బాపు అమ్మతో అంటుంటే విన్నాను. "పిల్లను అక్క దగ్గరికి తోలుదాం. సదువుదేముంది, ప్రాణముంటే సాలు. ఆడ మంచిగైతే ఇగ మనం గూడ పోవుడే. నౌకరి ఇడిసిపెడ్త." బాపుకు ఇంకా పన్నెండేళ్ల సర్వీసుంది. గనిలో దిగడం తప్ప ఇంకో పని ఆయనకు తెలియదు. నేను లోపల బొంతల కింద పడుకొని ఉన్నాను. నా వల్ల ఈ ఇంటి పొయ్యి ఆరిపోతుందన్న భయం ఊపిరాడని భయం కంటే పెద్దదైంది.

మేనత్త ఊరు గోదావరి ఒడ్డునే, ధర్మపురి వైపు. బొగ్గన్నది లేదు, పొలాలు. బాపమ్మ నా బొంతను తాడుతో కట్టి బస్సు పైకి ఎక్కించింది. "కొత్త జాగ, సలి వెడ్తది" అంది. మొదటి నాలుగు రోజులు ఉక్కపోత. నులక మంచం మీద, దుప్పటితో వాకిట్లో పడుకున్నాను. పొద్దున్నే లేచి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అత్తమ్మ ఫోను చేసి చెబితే బాపు మరునాడే సెలవు పెట్టుకొని వచ్చాడు. నా మొహం చూసి "గిదీ సంగతి. బొగ్గే" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం, ఓటమి రెండూ ఉన్నాయి. వెళ్లి నౌకరి సంగతి ఆఫీసులో మాట్లాడతానన్నాడు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. అందరం లోపల పడుకున్నాం. అత్తమ్మ కట్టు విప్పి బొంత కప్పింది.

తెల్లారేసరికి అంతకుముందెన్నడూ రానంత పెద్ద attack. పెదాలు నీలమయ్యాయని తర్వాత చెప్పారు. బాపు నన్ను ఎత్తుకొని జీపులో కూర్చోబెట్టి కరీంనగర్ తీసుకెళ్లాడు. దారంతా అత్తమ్మ ఒకటే మాట: "బొగ్గు లేకపాయె, పొగ లేకపాయె, ఇంక దేనికొచ్చిందిరా తమ్మీ?"

అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు ఒక మేడం, నడివయసు మనిషి. రెండు రోజులు అడ్మిట్ చేసి, తేరుకున్నాక గదికి పిలిచి ఎప్పటి నుంచి, ఎలా అని అడిగారు. నా బదులు అన్నిటికీ బాపే జవాబిచ్చాడు. ఏది అడిగినా చివరికి "గదే బొగ్గు మేడం" అన్నాడు. ఆవిడ చేయి ఎత్తి ఆపారు. "మీరు కాదండీ, అమ్మాయి చెప్పాలి."

అంతమంది ముందు నాకు నోరు పెగల్లేదు. సంచిలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. నా డైరీని అంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ "చదవొచ్చా?" అని అడిగి, నేను తలూపాకే తెరిచారు. వేలితో వాక్యాల వెంటే చూసుకుంటూ పోయారు. కొన్ని చోట్ల ఆగారు. ఒక చోట బాపు వైపు చూసి పేజీ తిప్పారు. అది ఏ వాక్యమో నాకు తెలుసు.

"దవాఖానలో మూడు రోజులు బాగుంది. మీ అత్తయ్య ఊళ్లో బయట పడుకున్నప్పుడు బాగుంది. మిగతా పేజీల్లో ఈ బొంత ఉంది. ఎన్నాళ్లది ఇది?"

"నాకంటే పెద్దది మేడం" అన్నాను.

ఆవిడ నవ్వారు. "ఉతుకుతారా?"

"ఏడాదికోసారి, దసరాకు." ఆ ఏడు దసరా ఇంకా రాలేదు.

తుమ్ములకు వేసుకుంటున్న Cetirizine మాత్ర వారం రోజులు ఆపి మళ్లీ రమ్మన్నారు. అది వేసుకుంటే, ఏది పడదో చర్మం మీద గుచ్చి చూసే skin prick test లో ఫలితం తెలియదట. ఆ వారం మేనత్త ఇంట్లో చాప మీద పడుకున్నాను. బాపు నౌకరి మాట ఆ వారానికి వాయిదా వేశాడు.

టెస్టు రోజు ముంజేతి మీద చుక్కలు వేసి, సన్నటి మొనతో గుచ్చారు. పదిహేను నిమిషాలు. చాలా చుక్కలు అలాగే ఉన్నాయి. ఒకటి మాత్రం దోమ కుట్టినట్టు ఉబ్బి, చుట్టూ ఎర్రబడింది. "House dust mite" అన్నారు మేడం. కంటికి కనపడని పురుగులట. కుట్టవు, కరవవు. మన ఒంటి మీద రాలే పొట్టు తిని పాత పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో బతుకుతాయి. గదిలో తడి ఉంటే ఇంకా పెరుగుతాయి. వాటి మలం పొడై ఊపిరిలోకి పోతే, నాలాంటి వాళ్లకు పడదు, ఆస్తమా వస్తుంది.

అప్పుడు బాపు లేచి నిలబడి, చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. విప్పి బల్ల మీద పెట్టాడు. నల్లటి పొడి. ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు డ్యూటీ బట్టలు దులిపి తెచ్చాడట.

"గిది గూడ ఒక్క సుక్క ఏసి సూడుండ్రి మేడం. గిదేనో కాదో నాకు తెల్వాలె."

మేడం ఆ పొట్లాన్ని తానే జాగ్రత్తగా మడిచారు. "దీనికి ఇలాంటి టెస్టు లేదండీ. బొగ్గు పొడి ఊపిరికి మంచిదని నేను అనను. జబ్బున్నవాళ్లకు ఏ దుమ్మైనా ఇబ్బందే. మీరు కూడా పనిలో మాస్కు పెట్టుకోండి. కానీ పొద్దున్నే మీ అమ్మాయికి ఊపిరాడకుండా చేస్తున్నది మీ బట్టలు కాదు. బొగ్గు లేని ఊళ్లో కూడా వచ్చింది కదా. మీరు ఉద్యోగం మానినా, ఆ బొంత వెంట వస్తే జబ్బూ వెంట వస్తుంది."

బాపు పొట్లం చేతిలోకి తీసుకొని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి.

ఇంటికొచ్చాక బాపమ్మకు చెప్పడం ఇంకో కథ. "నా బొంతల పురుగులా? ఏది, సూపియ్యిండ్రి" అంది. కనపడవని బాపు అంటే, "కనవడని పురుగుకు కరీంనగర్ దాక పోయి వచ్చిండు నా కొడుకు" అని లైనంతా వినేట్టు నవ్వింది. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ బొంత మొదటి పొర మా తాత ధోతి అని అప్పుడే నాకు తెలిసింది.

అమ్మ మాత్రం మేడం చెప్పినట్టు చేసింది. బొంతలన్నీ నా గదిలోంచి తీసేసింది, కిటికీ సందుల బట్టలు పీకేసింది. బ్లాస్టింగ్ వేళకు మాత్రం మూసి, మిగతా పూటంతా తెరిచి ఉంచింది. పొడి చీపురుతో ఊడవడం మాని తడి బట్టతో తుడిచింది. నన్ను దులిపే పనుల దగ్గరికి రానివ్వలేదు. నా మంచం కింద ట్రంకు పెట్టెలో ఎన్నో ఏళ్ల కథల పుస్తకాలు, పాత వారపత్రికలు ఉండేవి. వాటిని కూడా తీసేయమంటారని వణికిపోయాను. మేడం "పడుకునే గదిలో వద్దు, తలుపులున్న బీరువాలో పెట్టుకో" అన్నారంతే. బాపు పాత బీరువా ఒకటి తెచ్చి ముందు గదిలో పెట్టించాడు.

రోజూ రెండు పూటలా steroid inhaler, spacer అనే గొట్టంతో పీల్చాలి, తర్వాత నోరు పుక్కిలించాలి. దాన్ని preventer అంటారు. ఇబ్బంది ఉన్నప్పుడు మాత్రమే వాడేది ఇంకొకటి. మూడు వారాల్లో తెల్లవారుజామున లేవడం పోయింది. నేను కాలేజీకి వెళ్లాను.

ఆ తర్వాతే తప్పు చేశాను. నర్సక్క ఒకనాడు అమ్మతో, "పోరి మందు పీలుస్తదని తెలిస్తే రేపు సంబంధాలెట్లొస్తయి? అలవాటైతే ఇడువదంట" అంది. నాకు సిగ్గేసింది. బాగానే ఉన్నాను కదా అని ఎవరికీ చెప్పకుండా preventer మానేశాను. పది రోజులు ఏమీ కాలేదు. పదిహేనో రోజు మళ్లీ పిల్లికూతలు. మళ్లీ కరీంనగర్.

"Preventer ఎవరు ఆపమన్నారు?" అని మేడం గట్టిగానే అడిగారు. "బాగున్నావంటే మందు పనిచేస్తోందని అర్థం, అక్కర్లేదని కాదు. తగ్గించాల్సినప్పుడు నేను తగ్గిస్తాను." తర్వాత ఇంట్లో ఇంకా పాతవి ఏమున్నాయని అడిగారు. అన్నీ తీసేశామని అమ్మ చెప్పింది.

అన్నీ తీయలేదు. దాన్ని కనిపెట్టింది బాపమ్మ. మరునాడు నా మంచం సర్దుతూ నా దిండు చేతిలోకి తీసుకొని, బరువు చూసినట్టు పైకి కిందికి ఆడించింది. "నా బొంతలను ఊరంత తిట్టిండ్రు. గీ దిండు మాట ఎవ్వలూ అనరేంది? అంగట్ల కొన్నదాంట్ల పురుగులుండవా?" నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు కొన్న దిండు అది. పైన తొడిగిన గలీబు మార్చామే గాని లోపలి దిండును ఎన్నడూ పట్టించుకోలేదు. బాపమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొని పెరట్లోకి మోసుకెళ్లింది. ఆ నడకలో ఎంత గర్వముందో. ఆ పూట నుంచి పురుగుల మీద యుద్ధం ఆమెదే అయింది.

పెరట్లో స్నానాల నీళ్లకు బొగ్గుల పొయ్యి ఉంది. దాని మీద కాగు పెట్టి, మరిగే నీళ్లలో బొంత ముంచింది. బొంత నాలుగు రోజులైనా ఆరలేదు. ఐదో రోజుకు ముక్క వాసన వచ్చింది. "ఏడు పొరలు ఎండుతయా?" అని తనే అనుకొని, గడపలో కూర్చొని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చోబోతే, "దుమ్ము లేస్తది, లోపలికి నడువు" అని తరిమింది. కిటికీలోంచి చూశాను. ఒక్కో పొర విప్పి అమ్మకు చెబుతోంది. ఇది అత్తమ్మ పెళ్లికి ముందు చీర. ఇది బాపు మొదటి జీతంతో తెచ్చింది. ఇది పెళ్లైన కొత్తలో అమ్మ కట్టుకున్నది. చివరికి తాత ధోతి. దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకొని, తర్వాత మిగతా వాటితో పాటు కాగులో వేసింది.

ఆ ఏడు పొరలతో మూడు పల్చటి బొంతలు కుట్టింది, ఒక్కోటి రెండే పొరలు. మిగిలిన పొరతో దిండు గలీబులు. ధోతి మాత్రం నా బొంతలోనే పెట్టింది. ప్రతి ఆదివారం దుప్పటి, గలీబు, బొంత చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో నానాలి, ఉతకాలి, ఎండలో కరకరలాడేదాకా ఆరాలి. ఎండ ఒక్కటే చాలదని మేడం అన్నారు. లోపలున్న పొడి ఉతికితేనే పోతుంది. పరుపుకు, కొత్త దిండుకు జిప్పున్న మందపాటి కవర్లు తొడిగాం. ఇంటిల్లిపాదీ తిట్టిపోసిన బొగ్గే ఆదివారం ఆదివారం నా బొంతకు నీళ్లు కాచింది.

ఇది జరిగి ఆరేళ్లు దాటింది. డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు జ్యోతినగర్‌లో ఒక స్కూల్లో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. Preventer ఇంకా ఉంది. మేడం మోతాదు తగ్గించి రోజుకు ఒక్కసారికి తెచ్చారు. వానాకాలం వస్తే కొంచెం తుమ్ములొస్తాయి. ఆస్తమా పోయిందని అనను, నా చెప్పుచేతల్లో ఉందంటాను. బాపమ్మ ఇప్పుడు రెండు పొరల బొంతలే కుడుతుంది. "ఏడు పొరలది గావాలంటే వేరేకాడ సూస్కోండ్రి, పురుగులైతయి" అని వచ్చినవాళ్లకు చెబుతుంది. నర్సక్క కూడా ఒకటి కుట్టించుకుంది.

నాలాగా ఊపిరితో అవస్థపడేవాళ్లకు ఒక్క మాట చెప్పాలనుంది. జబ్బుకు కారణం ఊరంతా చెప్పేదే కానక్కర్లేదు. ఒక నోటుపుస్తకం తీసుకొని రోజూ రెండు వాక్యాలు రాయండి: నిన్న ఎక్కడ, దేని మీద, ఏం కప్పుకొని పడుకున్నాను, పొద్దున ఊపిరి ఎలా ఉంది. నెల రోజులు రాసి, మాట్లాడటానికి మొహమాటమైతే ఆ పుస్తకాన్నే డాక్టరు ముందు పెట్టండి. నా సంగతి అలాగే బయటపడింది.

మొన్న బాపు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా మంచం అంచున కూర్చున్నాడు. "ముందుగాల తానం జెయ్యిరా" అని బాపమ్మ వంటింట్లోంచి అరిచింది. "బొగ్గుతోటి ఏం గాదని డాక్టరమ్మనే జెప్పిందే అవ్వా" అన్నాడు బాపు. మేడం సరిగ్గా అలా అనలేదు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. స్నానం చేసి రమ్మని లేపాను. ఆదివారం ఉతికిన దుప్పటి మీద నల్లటి మరక పడింది. దాన్ని చూస్తూ కూర్చొని, ఆయన తల తుడుచుకుంటూ వచ్చేదాకా ఆగి, పేపరు తీసి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. వంటింట్లోకి కూడా వినిపించేంత గట్టిగా.